కొంపోస్తెలా కాలిబాట : మజిలీల చరిత్ర

దూరయాత్రకు నడచి పోదలచినవాడు సాధారణముగా మొదట అడుగు ప్రశ్న "ఎంత దూరము?" అని. ఒకసారి నడచి వచ్చినవాడు మాత్రము "రాత్రి బస యెక్కడ?" అని ముందడుగును. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన సుమారు నూరుగురు పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్రచరిత్రలో దేవతాదర్శనములు ఎన్ని కలవో, ఏ యూర అంగళ్ళున్నవి, నీళ్ళెట్టివి, దిగుటకు తావున్నదా లేదా యను సంగతులును అన్ని కలవు. పుణ్యమునకు పోయినవాడు అంగళ్ళ లెక్క వ్రాయుటేమని ఎవరైన నవ్వవచ్చును. వెనుక వచ్చువానికి అక్కరకు వచ్చునది ఆ లెక్కయే.

ఇట్టి మజిలీల పుస్తకము ఐరోపాఖండములో వీరాస్వామయ్యగారికి దాదాపు ఏడువందల యేండ్ల ముందే వ్రాయబడినది. అది కాశి వంటి క్షేత్రమునకు పోవు క్రైస్తవ యాత్రికుల కొఱకు వ్రాసినది. ఆ దారి నేటికిని నడచుచునేయున్నది. మన బిడ్డలు చదువులకును ఉద్యోగములకును ఆ దేశములకు పోవుచున్న కాలమిది. వారిలో ఒక నెల సెలవు దొరకిన వారు, క్రైస్తవులైనను కాకున్నను, ఆ బాట పట్టవలెనని తలపవచ్చును. అట్టివారికి దారి వివరములు చెప్పు పుస్తకములు ఎన్నియో కలవు. ఆ మజిలీలు అక్కడనే ఎందుకు ఏర్పడినవో చెప్పుట ఈ వ్యాసము పని.

ఆ క్షేత్రము స్పెయిను దేశపు వాయవ్యమూల గలీసియా సీమలోని శాంతియాగో దె కొంపోస్తెలా. శాంతియాగో అనగా పరిశుద్ధ యాకోబు. జెబెదయి కుమారుడును, యోహాను సోదరుడును, గలిలయ సముద్రమున వలలు వేసి బ్రతికినవాడును అగు ఈ యపొస్తలుని హేరోదు రాజు ఖడ్గముచే చంపించెనని అపొస్తలుల కార్యములలో నున్నది. యూదయ దేశమున చంపబడినవాని దేహము అంత దూరమెట్లు చేరినది? శిష్యులు ఓడలో తెచ్చిరని స్థలపురాణము. 9వ శతాబ్దపు తొలిభాగమున పెలాయో అను సన్న్యాసి అడవిలో వింత వెలుగులు చూచి చెప్పగా, ఇరియా బిషప్పు తియొదొమీరు వెదకించి సమాధిని కనుగొనెననియు, అస్తూరియా రాజు రెండవ అల్ఫోన్సో వచ్చి గుడి కట్టించెననియు అందురు. యాకోబు స్పెయినులో బోధించెననుటకు ఆ కాలపు ఆధారము లేదని చరిత్రకారుల మాట. ఆ బిషప్పు కూడ కల్పితపురుషుడే యని కొందరు వాదించిరి గాని, 1955లో కథీడ్రలు నేల త్రవ్వినప్పుడు 847వ సంవత్సరమున మరణించినట్లు చెక్కిన ఆయన సమాధిఫలకము బయటపడి ఆ వాదమును మాన్పినది. మిగిలినది నమ్మకమునకు సంబంధించినది గనుక దానిని పాఠకులకే విడుచుచున్నాను.

950వ సంవత్సరము చివర ఫ్రాన్సులోని ల్యూపుయీ బిషప్పు గొదెస్కాల్కు పరివారసమేతముగా వచ్చెను. స్పెయినునకు వెలుపలనుండి వచ్చినట్లు వ్రాతమూలముగా తెలియు తొలి ప్రముఖ యాత్రికుడు ఆయనయే. 997లో కోర్డోవా సేనాని అల్మన్‌సూరు ఊరిని ధ్వంసము చేసి గుడిగంటలను కొనిపోయెను. అయినను జనప్రవాహము ఆగలేదు. 1075లో నేటి కథీడ్రలు పని మొదలై 1211లో ప్రతిష్ఠ జరిగినది. ఈ నడుమ నవర్రె, కాస్తీలు రాజులు దక్షిణమున మహమ్మదీయ రాజ్యములతో పోరాడుచు, ఉత్తరమున ఈ దారిని చక్కజేయించిరి. పిరెనీసు పర్వతములు దాటి పామ్‌ప్లోనా, బుర్గోసు, లెయోను పట్టణముల మీదుగా పోవు ఆ బాటకు ఫ్రెంచి దారి యని పేరు. ఫ్రాన్సు నుండి వచ్చువారి దారి యని భావము.

ఇక మజిలీల పుస్తకము సంగతి. 12వ శతాబ్దపు నడుమ యాకోబు మహిమలను, పూజావిధులను కూర్చిన ఒక పెద్ద లాటిను గ్రంథము తయారయినది. కాలిక్స్తు పోపు పేరు దానిమీద నుండుటచే దానిని కోడెక్సు కాలిక్స్తినుస్ అందురు. దాని ప్రతి శాంతియాగో కథీడ్రలులోనే భద్రముగా నున్నది. 2011 జూలైలో దొంగిలింపబడి, ఏడాదికి ఒక గారేజిలో దొరకినది. ఆ గ్రంథపు ఐదవ ఖండము యాత్రికుల మార్గదర్శిని. పొయితూ సీమవాడగు ఎమెరి పికో అను మతగురువు దానిని వ్రాసెనని కొందరందురు. ఈ విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఎవరు వ్రాసినను ముక్కుసూటి మనిషి. తన పొయితూవారిని వీరులనియు, ఉదారులనియు పొగడును. నవర్రెవారిని తిట్టుటకు లాటిను భాషలోని మాటలు చాలక బాధపడినట్లు తోచును. అట్లు తిట్టుచునే వారి బాస్కు భాషనుండి రొట్టె, ద్రాక్షసారాయి, మాంసము, చేప, ఇల్లు, నీరు, గుడి, రాజు మున్నగు మాటలను ఏరి పట్టికగా వ్రాసిపెట్టెను. బాస్కు భాషలో మనకు లభించిన మిక్కిలి ప్రాచీనమగు పదపట్టికలలో అది యొకటి. దారిపోవువానికి ఆకలి వేసినప్పుడు తిట్లకన్న ఆ మాటలే పనికివచ్చియుండును.

ఆయన కనుమ నుండి కొంపోస్తెలాకు పదమూడు మజిలీలు చెప్పెను. నేను పూర్వము గుమాస్తా పని చేసినవాడను గావున లెక్క చూడకుండ నుండలేను. దూరము సుమారు 750 కిలోమీటర్లు. పదమూడుతో భాగించిన రోజుకు దాదాపు 58 కిలోమీటర్లు, అనగా నాలుగామడలకు మించును. తొలి మజిలీలు చిన్నవి. నాహెరా నుండి బుర్గోసునకు పోవు మజిలీ ఒక్కటే 90 కిలోమీటర్లు. ఎస్తెల్యా నుండి నాహెరాకును, అచ్చటనుండి బుర్గోసునకును గుఱ్ఱముమీద పోవలెనని ఆయనే వ్రాసెను. మిగిలినవానికి ఆ మాటయు వ్రాయలేదు. దీనిని నమ్మి కాలినడకను బయలుదేరినవాడు రెండవవారమునకు పూర్వమే మంచము పట్టును. కనుక ఆ పదమూడును నడకకు కొలతలు కావని నా యభిప్రాయము. అవి రాత్రికి దిగదగిన పేరుమోసిన పట్టణముల పట్టిక. వాని నడుమ ఆగవలసిన చిన్న ఊళ్ళ పేళ్ళను ఆయన వేఱొక అధ్యాయమున ఇచ్చెను. నడచువాడు చూడవలసినది ఆ రెండవ పట్టిక.

ఆ పుస్తకములో నాకు మిక్కిలి నచ్చినది నదుల అధ్యాయము. ఏ యేటి నీరు త్రాగదగినది, ఏది కాదు అని వరుసగా చెప్పును. లోర్కా అను నూరికడ ఉప్పుటేరు ప్రవహించుచున్నది. దాని గట్టున ఇద్దరు మనుష్యులు కత్తులు నూరుకొనుచు కూర్చుండి, నీరు మంచిదే త్రాగించుడని చెప్పిరట. గుఱ్ఱములు త్రాగి పడిపోవగా అక్కడికక్కడే తోలు ఒలిచిరట. ఫ్రాన్సువైపు సోర్దుకడ పడవవాండ్రు ఒంటిమ్రానిని తొలిచిన దోనెలో మితికి మించి జనమును ఎక్కించి, అది మునిగిన పిదప శవముల సొత్తు దోచుకొనెడివారని కూడ వ్రాసెను. ఇందులో అతిశయోక్తి యెంతయైన ఉండనిండు. ఒక వంతెన కట్టినవానిని ఆ జనులు ఎందుకు పుణ్యపురుషునిగా కొలిచిరో దీనివలన తెలియుచున్నది. పుయెంతె లా రెయీనా, అనగా రాణివంతెన, అను నూరు 11వ శతాబ్దమున ఆర్గా నదిమీద కట్టిన రాతివంతెనకు రెండుప్రక్కల పుట్టినది. ఆ రాణి యెవరో నిశ్చయముగా తేలలేదు గాని వంతెనమీద నేటికిని యాత్రికులు నడచుచున్నారు. దొమింగో అను నొకనిని మఠములవారు సన్న్యాసిగా చేర్చుకొనలేదు. అతడు అడవి నరికి బాట వేసి, ఓహా నదికి వంతెనయు, యాత్రికులకు సత్రమును కట్టి 1109లో మరణించెను. ఆయన సమాధిచుట్టు పెరిగిన పట్టణమునకు శాంతో దొమింగో దె లా కల్సాదా, అనగా బాటవేసిన దొమింగో, అనియే పేరు. అచ్చటి కథీడ్రలులో ఒక మహిమకు జ్ఞాపకముగా ప్రాణముతో నున్న కోడిపుంజును, పెట్టను పెంచుదురు. అది వేఱు కథ.

వంతెన వేసినంతమాత్రమున మజిలీ కాదు. 11వ శతాబ్దపు రాజులకు ఒక చిక్కు వచ్చినది. దారి పొడవున దున్నువారు కలరు, సైనికులు కలరు, మఠవాసులు కలరు. రొట్టె కాల్చి యమ్మువాడు, చెప్పులు కుట్టువాడు, నాణెములు మార్చువాడు, పూటకూళ్ళ యిల్లు నడుపువాడు చాలినంతమంది లేరు. అట్టివారిని పిరెనీసునకు ఆవలనుండి రప్పింపవలసివచ్చెను. రాజు శాంచో రమీరెసు 1077 ప్రాంతమున హాకా పట్టణమునకు ఒక శాసనమిచ్చి, వచ్చి కాపురముండువారికి భూమి, వ్యాపారస్వేచ్ఛ, పన్నుల తగ్గింపు వాగ్దానము చేసెను. 1090 ప్రాంతమున ఆయనయే ఎస్తెల్యాకడ అట్టివారికి క్రొత్త పేట నేర్పఱచెను. గాస్కొనీ, తులూజు, పొయితూ సీమలనుండి పనివాండ్రును వర్తకులును వచ్చిరి. యాత్రకు వచ్చి తిరిగి పోవుట మాని నిలిచిపోయినవారును వారిలో కలరు. వీరికందఱికి ఫ్రాంకులని పేరు. ఆ మాట మొదట జాతిని తెలిపి, క్రమముగా పన్నుల బాధలేని పట్టణవాసి యను నర్థమునకు మారెను. దారిలో విల్యాఫ్రాంకా అను పేరు గల ఊళ్ళు రెండు నేటికిని కలవు.

పామ్‌ప్లోనాలో ఈ కథ ముదిరినది. కథీడ్రలుచుట్టు స్థానికుల పేట నవర్రేరియా. దానికి పడమట ఫ్రాంకుల పేట శాన్ సెర్నిను. తరువాత కలగలుపు జనులతో శాన్ నికొలాసు. మూడింటికి మూడు గోడలు, మూడు పాలకవర్గములు. శాన్ సెర్నిను అనగా తులూజు పట్టణపు వేల్పగు పరిశుద్ధ సతుర్నీనుడు. వలసవచ్చినవారు తమ ఊరి గుడిపేరు వెంట తెచ్చుకొనిరి. 1129లో రాజు అల్ఫోన్సో వారికి శాసనమిచ్చి, యాత్రికులకు రొట్టె, ద్రాక్షసారాయి అమ్ము హక్కును వారికే ప్రత్యేకించెను. ఇరుగువానికి లేని హక్కు పొరుగువానికి ఇచ్చిన ఏమగునో ఊహింపవచ్చును. తగవులు తరతరములు సాగి 1276లో యుద్ధముగా మారినవి. ఫ్రెంచిసేన వచ్చి నవర్రేరియాను నేలమట్టము చేసినది. ఆ యుద్ధమును తులూజు కవి గిలెమ్ అనెలియే తన ఒక్సితాను భాషలో కావ్యముగా వ్రాసెను. తుదకు 1423లో రాజు మూడవ చార్లెసు మూడు పేటల నొకటి చేసి, గోడలు తీయించి, ఒకే పురపాలకసభ నేర్పఱచెను. మూడు పేటలు కలిసిన తావుననే నేటి పురపాలక భవనమున్నది.

ఈ సంచికను చదువు కుటుంబములలో పెక్కింటికి ఇందు కొన్ని ఘట్టములు తెలిసినట్లే తోచవచ్చును. రాజు పిలువగా వచ్చినవారు, దండుతో వచ్చినవారు, మగ్గముతో వచ్చినవారు మన పూర్వులలోను కలరు. కావున ఆ ఫ్రాంకుల భాష యేమయ్యెనని నేను ప్రత్యేకముగా వెదకి చదివితిని. 13వ శతాబ్దమున ఆ పట్టణముల దస్తావేజులును, ఉత్తరప్రత్యుత్తరములును, లెక్కలును ఒక్సితానులో నడచినవి. 14వ శతాబ్దము ముగియునాటికి ఆ స్థానమును స్థానికపు రోమాన్సు భాష ఆక్రమించినది. అనగా గోడలు పడగొట్టుటకు ముందే భాష పత్రములనుండి తప్పుకొన్నది. సతుర్నీనుడు మాత్రము నిలిచి, ఒక పేట వేల్పు పోయి పట్టణమంతటికి పాలకవేల్పయ్యెను. నేడు నవంబరు 29వ తేదీ ఆయన పండుగ చేయు పామ్‌ప్లోనావారిలో తాతముత్తాతలు తులూజునుండి వచ్చినవారెవరో, కానివారెవరో చెప్పజాలరు.

ఊళ్ళు లేని తావుల సంగతి వేఱు. అచ్చట సత్రములు వెలసినవి. పిరెనీసు దిగినతోడనే రాన్సెస్‌వాల్యెసున 12వ శతాబ్దపు తొలిభాగమున సత్రము కట్టిరి; మంచు క్రమ్మిన రాత్రులలో దారి తప్పినవానికి వినబడునట్లు గంట కొట్టెడివారు. బుర్గోసున రాజు ఎనిమిదవ అల్ఫోన్సో ఒక ఆసుపత్రి కట్టించెను. లెయోను దాటిన పిదప వచ్చు ఫోన్సెబదోను కనుమకడ మంచులో బాట కనబడునట్లు కొయ్యలు పాతుచుండవలెనను నియమముమీద ఆ ప్రాంతపు గ్రామస్థులకు రాజులు పన్నులు మినహాయించిరి. ఈ యేర్పాటు నాకు మిక్కిలి తెలివిగలదిగా తోచినది. జీతమిచ్చి మనిషిని పెట్టినచో అతడు చలికి ఇంటనే కూర్చుండును. పన్ను మినహాయింపైనచో ఊరంతయు కొయ్యలు లెక్కపెట్టును.

యాత్రికుడు బయలుదేరుటకు పూర్వము చేయవలసిన పనులును కొన్ని ఏర్పడినవి. అప్పులు తీర్చుట, మరణశాసనము వ్రాయుట, గురువు సెలవు పొందుట. కాస్తీలు రాజు పదవ అల్ఫోన్సో 13వ శతాబ్దమున కూర్పించిన ధర్మశాస్త్రములో యాత్రికుల రక్షణకు ప్రత్యేక ప్రకరణమున్నది. పోయివచ్చితినని రుజువు చూపుటకు మొదట ఆల్చిప్ప చాలెడిది. గలీసియా సముద్రతీరమున దొరకు విసనకఱ్ఱవంటి చిప్ప అది. తరువాత దానిని ఇతర స్థలములందు అమ్మి మోసము చేయువారు బయలుదేరగా, కొంపోస్తెలా వెలుపల చిప్పలమ్మినవారిని మతమునుండి వెలివేయుదుమని పోపులు ఆజ్ఞాపించిరి. మోసము ఆగక, తుదకు చిప్పకు బదులు కాగితము వచ్చినది. ముద్రలు, పత్రములు లోకములో పుట్టుటకు కారణము ఎల్లెడల ఒక్కటే.

1495లో హెర్మాన్ కూనిగు అను జర్మను సన్న్యాసి ఈ దారికి పద్యములలో మార్గదర్శిని వ్రాసి అచ్చొత్తించెను. దాదాపు మూడువందల యేబది యేండ్ల ముందటి గ్రంథకర్తవలె ఆయన జనులను తిట్టడు. ఎక్కడ మంచి సత్రమున్నది, ఏ కొండ ఎక్కనక్కఱలేదు, ఏ చుట్టుదారి కాళ్ళకు సుఖము అను సంగతులే చెప్పును. సెబ్రేరో కొండను తప్పించుకొని లూగో మీదుగా పొమ్మనెను. భక్తుడు కష్టపడిననే పుణ్యమని భావింపని యీ సన్న్యాసి యెడల నాకు గౌరవము కలిగినది.

తరువాత క్షీణదశ. మార్టిను లూథరు కాలమునుండి ఉత్తర ఐరోపాలో యాత్రలమీద నమ్మకము సడలినది. ఫ్రాన్సున మతయుద్ధములు దారి మూసినవి. 1589లో ఆంగ్ల నావికుడు డ్రేకు వచ్చి దోచునను భయమున అపొస్తలుని అస్థులను దాచిరి. దాచిన తావు మఱచి, 1879లో త్రవ్వి తీసిరి. పోపు పదమూడవ లియో 1884లో అవి నిజమైనవని ప్రకటించెను. 17వ శతాబ్దమున బొలోనా గురువు దొమేనికో లాఫ్ఫి మూడుమారులు నడచి పోయెను. బుర్గో రనేరో అను గ్రామము దగ్గఱ తోడేళ్ళు తినుచున్న యొక యాత్రికుని శవమును చూచితినని వ్రాసెను. దారిమీద మనుష్యులు పలుచనగుటకు ఇంతకన్న వేఱు సాక్ష్యము వలదు.

ఆ బాట మరల లేచుటకు ముఖ్యకారకుడు ఒక పల్లెటూరి గురువు. ఎలియాసు వాలిన్యా సంపెద్రో, కూనిగు తప్పించుకొమ్మన్న ఆ సెబ్రేరో కొండమీది గుడికే ఆయన గురువు. దారి చరిత్రమీద పరిశోధన చేసి పండితపట్టము పొంది, 1984లో రోడ్లకు గీతలు వేయగా మిగిలిన పసుపు రంగు సంపాదించి, ఫ్రాన్సు సరిహద్దునుండి పొడవునను చెట్లమీద, రాళ్ళమీద, గోడలమీద బాణపుగుర్తులు వేయుచు పోయెను. 1985లో కొంపోస్తెలా చేరి పత్రము పొందిన యాత్రికులు ఏడువందలు మించలేదు. 1987లో ఐరోపా కౌన్సిలు దీనిని తన మొదటి సాంస్కృతికమార్గముగా ప్రకటించినది. 1993లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించినది. 1989లో మరణించిన వాలిన్యాగారు దానిని చూడలేదు. 2024లో పత్రము పొందినవారు దాదాపు ఐదు లక్షలు. ఆ పసుపు బాణమే నేటికిని దారి చూపుచున్నది.

ఇప్పుడు నడువదలచినవాడు చేసికొనవలసిన యేర్పాట్లు ఈ చరిత్రనుండియే తెలియును. ఫ్రాన్సువైపు సెంజాన్ పియెద్‌పోరునుండి కొంపోస్తెలాకు సుమారు 780 కిలోమీటర్లు. రోజుకు రెండామడలు, అనగా పాతిక కిలోమీటర్లకు కొంచెము తక్కువ, నడచినను ముప్పదిరెండు మొదలు ముప్పదియైదు దినములు పట్టును. నడుమ విశ్రాంతికి రెండు మూడు దినములు విడుచుకొనుట మేలు. తొలిదినమే కఠినము. పాతిక కిలోమీటర్లలో 170 మీటర్ల ఎత్తునుండి 1,430 మీటర్ల ఎత్తునకు ఎక్కి రాన్సెస్‌వాల్యెసునకు దిగవలెను. శక్తి చాలనివారు ఎనిమిది కిలోమీటర్లకడనున్న ఓరిస్సోను బసలో ఆగుదురు. నవంబరు 1 మొదలు మార్చి 31 వరకు ఆ కొండదారిని ప్రభుత్వమువారు మూసివేయుదురు. అప్పుడు వాల్‌కార్లోసు లోయదారియే గతి. జూలై, ఆగస్టు నెలలలో బుర్గోసు, లెయోనుల నడుమ మేసేతా యను మెట్టపీఠభూమి ఎండకు కాగుచుండును. అచ్చట కరియోనునుండి కల్సాదిల్యాకు 17 కిలోమీటర్ల వఱకు ఒక్క ఊరును లేదు. నీరు వెంట మోయవలెను. గలీసియాలో ఏ నెలలోనైనను వానకు సిద్ధముగా నుండవలెను. మే, జూను, సెప్టెంబరు నెలలు నడకకు అనుకూలములు. జూలై 25 యాకోబు పండుగ ఆదివారము వచ్చిన ఏడు పవిత్రసంవత్సరము, 2027 అట్టిది. ఆ యేడు జనసమ్మర్దము మిక్కుటముగా నుండును గనుక, ఏకాంతము కోరువారు మఱియొక యేడు పోవుట మంచిది.

మూట బరువు తన యొడలి బరువులో పదియవవంతు మించరాదని నడచినవారందఱి మాట. అలవాటుపడని క్రొత్త చెప్పులతో బయలుదేరుట తగదు. అక్కడివారు మధ్యాహ్నము అంగళ్ళు మూసి విశ్రమింతురు. ఆదివారము పెక్కు అంగళ్ళు తెఱువరు. కనుక మఱునాటి రొట్టె ముందునాడే కొనవలెను. శాకాహారులకు రొట్టె, సెనగలు, పండ్లు, జున్ను దొరకును. గ్రుడ్డు తినువారికి బంగాళాదుంపల అట్టు ప్రతియూర నుండును. చారన్నము తలంపునకు రానీయకుండుటయే సుఖము. యాత్రికసత్రములలో సాధారణముగా ఒక్కరాత్రి మాత్రమే ఉండనిత్తురు. రాత్రి పదిగంటలకు తలుపులు వేయుదురు.

ఆ సత్రములలో చేరుటకు యాత్రికుని పుస్తకము కావలెను. ప్రతి మజిలీలో దానిమీద ముద్ర వేయించుకొనవలెను. కాలినడకను గాని గుఱ్ఱముమీద గాని నూరు కిలోమీటర్లు, సైకిలుమీద రెండువందలు, వచ్చినట్లు ఆ ముద్రలు రుజువు చేసినచో, కథీడ్రలువారు లాటినులో పత్రమిత్తురు. ఈ నూరు కిలోమీటర్ల నిబంధన దారిని ఎంత మార్చినదో చూడుడు. కొంపోస్తెలాకు సుమారు 115 కిలోమీటర్లలోనున్న సార్రియా అను చిన్నపట్టణము నేడు అందఱికన్న ఎక్కువమంది బయలుదేరు చోటైనది. పూర్వము వంతెనలు ఊళ్ళను పుట్టించెను. ఇప్పుడు నిబంధన ఒక ఊరిని పెంచినది. సెలవు లేనివారిని, వృద్ధులను నేను నిందింపను. వారు ఐదారు దినములు సుఖముగా నడచి పత్రము పొందవచ్చును. కాని పత్రమే కోరిక కానివారు అంతే సెలవులో పామ్‌ప్లోనానుండి నాహెరా వఱకు నడచినచో, వంతెనలు, ఫ్రాంకుల పేటలు, ఉప్పుటేరు, దారి పుట్టిన కథయంతయు కంటబడునని నా సలహా.

చివరి కొండల కావల త్రియాకస్తేలాకడ పూర్వము ప్రతి యాత్రికుడును ఒక సున్నపురాయి ఎత్తుకొని కస్తన్యేదా బట్టీల వఱకు మోసెడివాడు. కథీడ్రలునకు సున్నము ఆ విధముగా సమకూడెను. నగరమునకు దగ్గఱ లవాకొల్యా యేటిలో దుమ్ము కడిగికొని స్నానము చేసి దర్శనమునకు పోవుట ఆచారము. ఇప్పుడు ఆ యేటికి ప్రక్కనే విమానాశ్రయమున్నది. నేటి యాత్రికులు పెక్కుమంది దర్శనమైన మఱునాడు అచ్చటనే విమానమెక్కుదురు. పాతకాలపువాడు వచ్చిన దూరమంతయు మరల నడచి యిల్లు చేరవలసినవాడు. ధాన్యము, డబ్బు, ఋతువు లెక్కించునప్పుడు అతడు రెండింతలు లెక్కించెను. నేటికిని అట్లు తిరిగి నడచువారు అరుదుగా కలరు. వాలిన్యాగారి బాణములన్నియు కొంపోస్తెలా వైపే చూపును గనుక, వారు ప్రతి కూడలిలోను ఆగి, వెనుకకు తిరిగి, బాణము ఎక్కడనుండి వచ్చుచున్నదో చూచుకొని నడువవలెను.